ఓజోన్ పొర, లండన్ బేరం

పర్యావరణ బాధ్యత ధనిక, పేద దేశాలకు ఉమ్మడిదే అయినా సమానమైనది కాదన్న భావన 1992 నాటి రియో ప్రకటనలో ఏడవ సూత్రంగా అక్షరబద్ధమైంది గానీ, అంతకు రెండేళ్ల ముందే, 1990 జూన్‌లో లండన్‌లో జరిగిన చర్చలలో అది డబ్బుతోనూ గడువులతోనూ కూడిన ఆచరణరూపం ధరించింది. అక్కడ ప్రధానాంశం ఓజోన్ పొర.

సూర్యుని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనే ఈ పొరను క్లోరోఫ్లోరోకార్బన్లు, అనగా ఫ్రిజ్‌లలోనూ ఏసీలలోనూ స్ప్రే డబ్బాలలోనూ విరివిగా వాడిన కృత్రిమ రసాయనాలు, దెబ్బతీస్తాయని మారియో మొలీనా, షేర్వుడ్ రోలండ్ 1974లో హెచ్చరించారు. అంటార్కిటికాపై ఓజోన్ బాగా పలచబడిందని 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు వెల్లడించాక, 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ప్రోటోకాల్ కుదిరింది. తలసరి వార్షిక వినియోగం 0.3 కిలోగ్రాములకు లోపు ఉన్న వర్ధమాన దేశాలకు అందులోని ఐదవ అధికరణం పదేళ్ల వెసులుబాటు ఇచ్చినప్పటికీ, ప్రత్యామ్నాయ రసాయనాల పరిజ్ఞానం పారిశ్రామిక దేశాల కంపెనీల చేతుల్లోనే ఉన్నందున, గడువు తీరాక వాటిని ఆ కంపెనీల వద్దే కొనుక్కోక తప్పదన్న అనుమానంతో భారత్, చైనాలు ఒప్పందానికి దూరంగా నిలిచాయి. ఫ్రిజ్ ఇంకా కోట్లాది ఇళ్లలోకి అడుగుపెట్టని ఆ రెండు దేశాలూ పాత రసాయనంతోనే వాటిని తయారుచేసుకుంటే, ధనిక దేశాలు చేసిన తగ్గింపంతా వృథా అయ్యేది. పేద దేశాలకు ఇంతటి బేరసారాల బలం చిక్కడం అంతర్జాతీయ వ్యవహారాలలో బహు అరుదు.

మేనకా గాంధీ నాయకత్వంలోని భారత ప్రతినిధివర్గం ఆ బలాన్ని లండన్‌లో బాగానే వాడుకొంది. కొత్తగా డబ్బు ఇచ్చేందుకు అంతకు కొన్ని వారాల ముందు వరకు ససేమిరా అన్న అమెరికా సైతం దిగివచ్చిన మీదట, మూడేళ్లకు 16 కోట్ల డాలర్లతోనూ, భారత్, చైనాలు చేరితే మరో 8 కోట్లతోనూ బహుపాక్షిక నిధి ఏర్పాటైంది. పాత పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మారడం వల్ల పరిశ్రమపై పడే అదనపు వ్యయాన్ని మాత్రమే భరించే ఈ నిధిని, వాటాలను బట్టి ఓట్లుండే ప్రపంచ బ్యాంకుకు భిన్నంగా, ఇరుపక్షాల నుంచి ఏడేసి దేశాలున్న కార్యనిర్వాహక సంఘం నడుపుతుంది. ఓటింగు జరిగితే మూడింట రెండు వంతుల మెజారిటీతోపాటు రెండు వర్గాలలోనూ విడివిడిగా మెజారిటీ ఉండాలి. డబ్బు, పరిజ్ఞానం అందడం మీదనే పేద దేశాల సామర్థ్యం ఆధారపడి ఉంటుందని ఒప్పందంలోనే రాయించగలగడం అన్నిటికన్నా పెద్ద విజయం. దానధర్మాల భాష అక్కడితో పక్కకు తప్పుకొంది.

చైనా 1991లోనూ భారత్ 1992లోనూ చేరాయి. ఉత్పత్తి ఆపివేతకు భారత్‌కు 1999లో 8.2 కోట్ల డాలర్లు మంజూరు కాగా (హాని చేసే సరకు తయారీ మానుకొన్నందుకు కంపెనీలకు పరిహారమేమిటన్న ఆక్షేపణ సబబైనదే), 2010 నాటికి ప్రపంచమంతటా ఈ రసాయనాల ఉత్పత్తి దాదాపు ఆగిపోయింది.

అయితే ఈ ఆర్థిక ఏర్పాటు ఇతర పర్యావరణ సమస్యలపై మున్ముందు చేసుకొనే ఏర్పాట్లకు ప్రాతిపదిక కారాదన్న ఉద్దేశంతో ఒక నిబంధనను కూడా లండన్‌లోనే చేర్చారు. ఓజోన్‌కు కావలసింది కోట్లలో, వాతావరణ మార్పుకు కావలసింది లక్షల కోట్లలో అని ఆ నిబంధన కోరినవారికి తెలియకపోలేదు. 2009లో కోపెన్‌హేగన్‌లో వాగ్దానం చేసిన ఏటా 10,000 కోట్ల డాలర్లకు ఏ దేశం ఎంత కట్టాలన్న వాటాల లెక్క లేకపోవడమే కాక, అప్పులను సైతం అందులో కలిపి చూపారు.

ఓజోన్‌కు హాని చేయకున్నా భూతాపాన్ని పెంచే ప్రత్యామ్నాయ వాయువులైన హైడ్రోఫ్లోరోకార్బన్లను 2016లో కిగాలిలో ఇదే ప్రోటోకాల్ కిందికి తెచ్చినప్పుడు, లండన్‌లో ఒకే గట్టున నిలిచిన రెండు దేశాలు విడిపోయాయి: వినియోగం పెరగకుండా ఆపవలసిన గడువు చైనాకు 2024 కాగా, భారత్‌కు 2028గా నిర్ణయమైంది. భారత్‌తోపాటు ఆ ఆలస్యపు వర్గంలో పాకిస్థాన్, ఇరాన్, ఇరాక్‌లే కాక, తలసరి ఆదాయంలో ఐరోపా దేశాలకు తీసిపోని ఖతార్, కువైట్‌లు కూడా ఉన్నాయి.