నమూనా రైళ్లు పట్టాలు తప్పడం: కారణాలు, సవరణలు

నమూనా రైలు మార్గం మీద పెట్టె చక్రం పట్టాను ఎక్కి అవతల దిగినా, రెండు పట్టాల మధ్యకు జారిపోయినా పట్టాలు తప్పడమే. ఈ వ్యాసంలోని కొలతలు హెచ్‌వో స్కేలువి. అంటే అసలు రైలులో 87వ వంతు ఉండి, 16.5 మి.మీ. గేజి (పట్టాల మధ్య దూరం) మీద నడిచే నమూనాలవి. ఇంకా చిన్నదైన ఎన్ స్కేలులో (1:160, గేజి 9 మి.మీ.) అంకెలు మారతాయి కానీ కారణాలు మారవు.

ఈ స్కేలులో చక్రానికి ఉన్న ఆసరా చాలా తక్కువ. అమెరికాలో 1935లో ఏర్పడిన నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ (ఎన్‌ఎంఆర్‌ఏ) ఆర్‌పీ-25 అనే సిఫారసులో చక్రం ఆకృతిని నిర్దేశించింది. దాని ప్రకారం చక్రాన్ని పట్టాకు లోపలివైపు పట్టి ఉంచే ఫ్లాంజ్ లోతు దాదాపు 0.64 మి.మీ. పట్టాల అతుకు దగ్గర అర మిల్లీమీటరు ఎగుడుదిగుడు ఉందంటే ఆ ఆసరా చాలావరకు పోయినట్టే. పైగా మలుపులు మరీ బిగువుగా ఉంటాయి. భారతీయ రైల్వే బ్రాడ్‌గేజి మీద అనుమతించే అతి బిగువైన మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. హెచ్‌వోలో అది రెండు మీటర్లు అవుతుంది. ఇంట్లో బల్ల మీద పరిచే పట్టాలకు 18 అంగుళాల వ్యాసార్ధం, అంటే 457 మి.మీ., మామూలు. అసలు రైలును కుదిపి వదిలేసే లోపం ఇక్కడ రైలును పడేయడంలో వింత లేదు.

ఎక్కిన చోటు, పడిన చోటు

రైలు ప్రమాదాల విచారణలో మన రైల్వే ఇంజనీర్లు ముందుగా రెండు చోట్లను గుర్తిస్తారు. ఫ్లాంజ్ పట్టా తల మీదికి ఎక్కిన చోటు ‘పాయింట్ ఆఫ్ మౌంట్’, పట్టా దాటి కిందికి దిగిన చోటు ‘పాయింట్ ఆఫ్ డ్రాప్’. నమూనా రైళ్లకూ ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. ఎక్కిన చక్రం వెంటనే పడకుండా కొంత దూరం పట్టా తల మీదే దొర్లవచ్చు. చాలామంది పడిన చోటే పట్టాను వంచుతూ, సరిచేస్తూ గంటలు పోగొట్టుకుంటారు. లోపం అంతకుముందే ఎక్కడో ఉంటుంది. కళ్లను పట్టాల ఎత్తుకు దించి, పక్క నుంచి దీపం వేసి, రైలును అతి నెమ్మదిగా నడిపితే పైకి లేచే చక్రం కనబడుతుంది. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీస్తే ఇంకా తేలిక.

తరువాత తప్పు పట్టాదా, పెట్టెదా అని తేల్చాలి. ఏ పెట్టె వచ్చినా ఒకేచోట పడుతుంటే పట్టాను చూడాలి. ఒకే పెట్టె ఎక్కడపడితే అక్కడ పడుతుంటే దాన్ని పక్కకు తీయాలి. ఒకే పెట్టె ఒకేచోట పడడం అన్నిటికన్నా చిక్కైనది. అక్కడ పట్టాలో కొంత, పెట్టెలో కొంత లోపం ఉండి, రెండూ కలిసినప్పుడే బయటపడతాయి. ఆ పెట్టెను ముందువెనకలు మార్చి నడిపితే ఏ చివరి చక్రాలు కారణమో తెలుస్తుంది. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. రెండు కలిపి చేస్తే దేనివల్ల నయమైందో తెలియదు.

పట్టాలో లోపాలు

అతుకుల మీద వేలిగోరు జార్చి చూస్తే కంటికి కనబడని మెట్టు తగులుతుంది. పట్టా చివర లోపలి అంచును సన్నని ఆకురాయితో కొద్దిగా వాలుగా రాస్తే చాలావరకు సరిపోతుంది. గేజి ఇరుకైనా, వెడల్పైనా ఎన్‌ఎంఆర్‌ఏ వారి రేకు కొలమానంతో అక్కడికక్కడే తేలిపోతుంది. తేమ మారినప్పుడు చెక్క బల్ల ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. ఖాళీలు వదలకుండా బిగించిన పట్టాలు అప్పుడు వంకర తిరుగుతాయి. విశాఖపట్నం వంటి తీరప్రాంతాల్లో ఈ సంగతి మొదటే గుర్తుంచుకోవాలి.

రైళ్లు ఎక్కువగా పడేది దారి మళ్లించే పాయింట్ల దగ్గరే. వాటిలో కదిలే మొనదేలిన పట్టా, అంటే టంగ్ రైలు, పక్క పట్టాకు పూర్తిగా ఆనకపోతే ఆ సందులోకి ఫ్లాంజ్ దూరుతుంది. ముందు చక్రాలు ఒక దారిన, వెనక చక్రాలు మరో దారిన పోతాయి. మొద్దుబారిన టంగ్ రైలు మొన కూడా ఇదే పని చేస్తుంది. దాన్ని కత్తి అంచులా పలచగా రాయాలి. మొన ఎదురయ్యే దిశలో వచ్చిన రైలు పడి, అటునుంచి వచ్చిన రైలు పడకపోతే చూడాల్సింది ముందు ఇక్కడే. రెండు దారుల పట్టాలు ఒకదాన్నొకటి దాటే క్రాసింగ్ దగ్గర పడుతుంటే, ఎదుటి పట్టాకూ దాని పక్కన ఉండే చెక్ రైలుకూ మధ్య దూరాన్ని కొలవాలి. ఆ దూరం ఎక్కువైతే చక్రం క్రాసింగ్ ముక్కును గుద్దుకుంటుంది.

రెండు ఎదురెదురు మలుపులను నేరుగా కలపకూడదు. మధ్యలో అతి పొడవైన పెట్టెంత నిడివి తిన్నని పట్టా ఉండాలి. 85 అడుగుల ప్రయాణికుల పెట్టె హెచ్‌వోలో దాదాపు 30 సెం.మీ. ఉంటుంది. మలుపు వ్యాసార్ధం పెట్టె పొడవుకు రెండున్నర రెట్లైనా ఉండాలన్న అనుభవజ్ఞుల లెక్కన దానికి 75 సెం.మీ. కావాలి. 457 మి.మీ. మలుపులో అలాంటి పెట్టెను నడపాలని పట్టుబట్టడం కన్నా పొట్టి పెట్టెలు కొనుక్కోవడం మేలు.

పెట్టెలో లోపాలు

ఒకే ఇరుసు మీది చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.4 మి.మీ. ఉండాలి. ప్లాస్టిక్ ఇరుసుల మీద చక్రాలు జారి ఈ దూరం మారుతుంది. మెలితిప్పుతూ మెల్లగా లాగినా, నొక్కినా సరిపోతుంది.

పెట్టెకు రెండు చివర్లా ఉండే చక్రాల చట్రాలను ట్రక్కులంటారు. రెండింటి స్క్రూలనూ గట్టిగా బిగిస్తే ఎగుడుదిగుడు నేల మీది నాలుగు కాళ్ల పీటలా ఒక చక్రం గాలిలో ఉండిపోతుంది. ఒక ట్రక్కు అటూఇటూ తిరిగేలా మాత్రమే, రెండోది తిరుగుతూ పక్కలకు కూడా ఊగేలా స్క్రూలు సవరించాలి. ఈ చిన్న పని ఎన్నో మొండి పెట్టెలను దారికి తెస్తుంది.

బరువు విషయంలో ఎన్‌ఎంఆర్‌ఏ సిఫారసు స్పష్టం: ఒక ఔన్సు, దానికి తోడు పెట్టె పొడవులో ప్రతి అంగుళానికి అర ఔన్సు. 40 అడుగుల గూడ్సు పెట్టె నమూనా ఐదున్నర అంగుళాలుంటుంది కనుక మొత్తం 106 గ్రాములు. అదనపు బరువును పెట్టె అడుగునే అతికించాలి. తేలికైన పెట్టెను ఇంజను వెనకే తగిలించి వెనక బరువైనవి పెడితే, మలుపులో లాగుడు దాన్ని లోపలివైపుకు ఒరిగించి పడేస్తుంది.

లాగినప్పుడు బాగానే నడిచి, వెనక్కి నెట్టినప్పుడు పడే పెట్టెలో, పెట్టెలను కలిపే కప్లింగును అనుమానించాలి. కప్లింగు ఇమిడే చిన్న డబ్బాలో నలుసో, ప్లాస్టిక్ పొక్కో ఉంటే కప్లింగు మధ్యకు తిరిగి రాదు, పక్క పెట్టెను తోసేస్తుంది. దాన్ని తీసేసి గ్రాఫైట్ పొడి చల్లితే చాలు. నూనె వేయకూడదు, అది దుమ్మును పట్టి ఉంచుతుంది. కేడీ కంపెనీ తరహా కప్లింగుల కింద వేలాడే ఇనుప తీగ కిందికి వంగితే పాయింట్ల పట్టాలకు తగిలి పెట్టెను ఎత్తేస్తుంది. ఎత్తు కొలిచే గేజితో చూసి ఆ తీగను పైకి వంచాలి.

సవరించిన పెట్టెను రైలు మధ్యలో పెట్టి, రైలు మొత్తాన్ని పాయింట్ల మలుపు దారి గుండా వెనక్కి నెట్టి చూడాలి. ముందుకు లాగి చూసినంత మాత్రాన పరీక్ష పూర్తయినట్టు కాదు.