అండర్‌బైట్

అండర్‌బైట్ అనగా నోరు మూసి పళ్ళు కలిపినపుడు కింది వరుసలోని ముందు పళ్ళు పై వరుస పళ్ళకంటే ముందుకు వచ్చి ఉండే స్థితి. సహజంగా పై కుంతకాలు కింది కుంతకాలకు 2 నుండి 3 మిల్లీమీటర్లు ముందు ఉండి, వాటిని కొంతవరకు కప్పుతాయి. అండర్‌బైట్‌లో ఈ వరుస తారుమారవుతుంది. 1899లో అమెరికా దంతవైద్యుడు ఎడ్వర్డ్ ఏంగిల్ పళ్ళ అమరిక లోపాలను మూడు తరగతులుగా విభజించాడు. పై మొదటి చర్వణకంతో పోల్చినపుడు కింది మొదటి చర్వణకం ఉండవలసిన చోటుకంటే ముందుకు ఉండే స్థితి వాటిలో మూడవది. అండర్‌బైట్ ఎక్కువగా ఈ తరగతిలోనే కనిపిస్తుంది.

ఇది కేవలం అందానికి సంబంధించిన విషయం కాదు. ముందు పళ్ళతో కొరకడం కష్టమవుతుంది, పళ్ళు అరుగుతాయి, కింది పళ్ళ వద్ద చిగుళ్ళు దిగిపోవచ్చును. కొందరికి స, శ వంటి అక్షరాల ఉచ్చారణ స్పష్టంగా రాదు.

రకాలు, కారణాలు

దీనిలో ముఖ్యంగా మూడు రకాలు ఉన్నాయి.

1. పళ్ళ లోపం: దవడలు సరిగానే ఉండి, ఒకటి రెండు పళ్ళు మాత్రమే వాలుగా మొలవడం.
2. అలవాటు వలన ఏర్పడే లోపం: ముందు పళ్ళు అంచుకు అంచు తగలడంతో, నమలడానికి వీలుగా పిల్లలు కింది దవడను ముందుకు జరపడం.
3. ఎముక లోపం: కింది దవడ ఎక్కువగా పెరగడం, పైదవడ తక్కువగా పెరగడం, లేదా రెండూ కలిసి ఉండటం.

గడ్డం పొడుచుకు వచ్చినట్లు కనిపించినా, చాలామందిలో లోపం పైదవడ ఎదుగుదలలో ఉంటుంది. గ్రహణం మొర్రికి, అంగిలి చీలికకు చిన్నతనంలో శస్త్రచికిత్స జరిగిన పిల్లలలో ఇది తరచు కనిపిస్తుంది.

ఎముక లోపంలో వంశపారంపర్యం ప్రధానమైనది. ఐరోపాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజవంశం ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. స్పెయిన్ రాజు రెండవ చార్లెస్ (1661–1700) చిత్రపటాలలో ఈ దవడ స్పష్టంగా కనిపిస్తుంది. ఆ వంశంలోని దగ్గర సంబంధపు వివాహాలకు ఈ లక్షణంతో సంబంధం ఉన్నట్లు 2019లో స్పెయిన్ పరిశోధకులు తెలిపారు. తెలుగునాట మేనరికాలు ఉన్నందున, వైద్యుడు అడిగినపుడు తల్లి వైపు, తండ్రి వైపు వివరాలు రెండూ చెప్పడం మంచిది.

నిర్ధారణ

లోపం పళ్ళలో ఉన్నదా, ఎముకలో ఉన్నదా అని తేల్చడమే నిర్ధారణలో ముఖ్యమైన పని. వైద్యుడు మొదట పిల్లవాని గడ్డాన్ని మెల్లగా వెనుకకు నెట్టి చూస్తాడు. అప్పుడు ముందు పళ్ళు అంచుకు అంచు కలిస్తే అది చాలావరకు అలవాటు వలన ఏర్పడినదని భావిస్తారు. తరువాత పళ్ళ అచ్చులు, ఫోటోలు, తల పక్క భాగపు ఎక్స్‌రే (సెఫలోగ్రామ్) తీసుకుంటారు. పుర్రె అడుగు భాగం ఆధారంగా కొలిచినపుడు పైదవడ కోణం సగటున 82 డిగ్రీలు, కింది దవడ కోణం 80 డిగ్రీలు ఉంటుంది. ఈ 2 డిగ్రీల తేడా సున్నాకంటే తగ్గితే ఎముక లోపాన్ని అనుమానిస్తారు. మెడ వెన్నుపూసల ఆకారాన్ని బట్టి ఎదుగుదల ఎంత మిగిలి ఉన్నదో అంచనా వేస్తారు.

చికిత్స

చికిత్స వయసుపై ఆధారపడి ఉంటుంది.

బాల్యంలో: పళ్ళ లోపం, అలవాటు వలన వచ్చిన లోపం స్ప్రింగు అమర్చిన ప్లేటుతోనో, కొద్దిపాటి తీగలతోనో సాధారణంగా కొన్ని నెలలలో సరిదిద్దవచ్చును. పైదవడ వెనుకబడి ఉంటే, నుదురు, గడ్డం ఆధారంగా పైదవడను ముందుకు లాగే ఫేస్‌మాస్క్‌ను రోజుకు 12 నుండి 14 గంటలు పెట్టుకోవాలి. బ్రిటన్‌లో 7 నుండి 9 ఏళ్ళ పిల్లలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2016లో వెలువడ్డాయి. ఆరేళ్ళ తరువాత శస్త్రచికిత్స అవసరమని భావించినవారు ఫేస్‌మాస్క్ వాడినవారిలో 36 శాతం, వాడనివారిలో 66 శాతం. అనగా ముందస్తు చికిత్స శస్త్రచికిత్స అవసరాన్ని తగ్గిస్తుంది గాని, పూర్తిగా తొలగించదు. కింది దవడ యౌవనంలో కూడా పెరుగుతుంది కనుక లోపం తిరిగి రావచ్చును.

ఎదుగుదల ముగిసిన తరువాత: లోపం స్వల్పమైతే తీగలు, రబ్బరు బ్యాండ్లతో పళ్ళను జరిపి సర్దుతారు. తీవ్రమైతే దవడ శస్త్రచికిత్స అవసరం. కింది దవడను ఇరువైపులా చీల్చి జరిపే పద్ధతిని ట్రానర్, ఓబ్‌వెగెసర్ 1957లో ఆంగ్లంలో ప్రచురించారు. శస్త్రచికిత్సకు ముందు పళ్ళను వాటి ఎముకపై నిటారుగా నిలుపుతారు. ఆ దశలో అండర్‌బైట్ మరింత ఎక్కువగా కనిపిస్తుంది. రోగి దీనికి భయపడనవసరం లేదు. కింది పెదవికి తిమ్మిరి ఏర్పడే అవకాశం ఉన్నది, కనుక ఈ విషయం ముందే అడిగి తెలుసుకోవాలి.

సికింద్రాబాదు, హైదరాబాదులలో

సికింద్రాబాదులో 2001లో ప్రారంభమైన ఆర్మీ దంతవైద్య కళాశాల, హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో 1959లో స్థాపించబడిన ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఉన్నాయి. దంతవైద్య కళాశాలలలో పళ్ళ అమరికను సరిదిద్దే విభాగాన్ని ఆర్థోడాంటిక్స్ అంటారు. ఈ లోపానికి సంప్రదించవలసినది ఆ విభాగాన్నే.

పాలపళ్ళు ఊడితే అదే సర్దుకుంటుందని పెద్దలు అనుకోవడం సాధారణం. ఎముక లోపం అలా సర్దుకోదు. 7 ఏళ్ళ వయసులో ఒకసారి పరీక్ష చేయిస్తే, చికిత్స ఇప్పుడే మొదలుపెట్టాలా, వేచి చూడాలా అన్నది తెలుస్తుంది.