రాత్రి టిఫిన్ బండికి కాగితం ఎట్లా వచ్చింది

మన పొదుపు సంఘాల్లో అప్పు ఇచ్చేటప్పుడు ఏ పనికి తీసుకుంటున్నారో తీర్మానాల పుస్తకంలో రాస్తాం. పాడి ఆవు, గొర్రెలు, కుట్టుమిషను, చీరల వ్యాపారం, టిఫిన్ బండి. ఆవుకు, మిషనుకు ఇంటికాడ జాగా చాలు. టిఫిన్ బండికి మాత్రం రోడ్డు పక్కన జాగా కావాల. అందులోనూ బేరం ఎక్కువగా జరిగేది పొద్దు వాలినాకే. సీజన్లో మదనపల్లె టమోటా మార్కెట్టుకు రాత్రిళ్లు కూడా లోడ్లు నడుస్తా ఉంటాయి. డ్రైవర్లు, హమాలీలు, చివరి బస్సు దిగినవాళ్లు, మల్లయ్యకొండకు శివరాత్రి జాగారానికి వచ్చినవాళ్లు, వీళ్లందరికీ ఆకలేసేది మనం ఇంట్లో తలుపు వేసుకునే వేళకు. ఆ వేళకు దోసె పెనం వేడెక్కితేనే కంతు కట్టే డబ్బు చేతికొస్తుంది.

సరిగ్గా ఆ వేళకే ఎవరో ఒకరు వచ్చి "ఎవర్ని అడిగి పెట్టినావు?" అంటారు. ఆ ఒక్క ప్రశ్న వెనక వందేళ్ల చరిత్ర ఉంది. అది తెలిస్తే మన సభ్యులకు జవాబు చెప్పే ధైర్యం వస్తుందని ఈ ఏడాది నివేదికలో రాస్తున్నాం.

మద్రాసు కాలం లైసెన్సు

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. అంతకుముందు మన మదనపల్లె ప్రాంతం కడప జిల్లాలో ఉండేది. రెండూ మద్రాసు ప్రభుత్వం కిందివే. 1920లో ఆ ప్రభుత్వం జిల్లా మున్సిపాలిటీల చట్టం, లోకల్ బోర్డుల చట్టం చేసింది. జనం ఆరోగ్యానికి, ప్రాణానికి ప్రమాదం గానీ ఇబ్బంది గానీ కలిగించే వ్యాపారాలకు స్థానిక సంస్థ లైసెన్సు ఉండాలని ఆ కాలం చట్టాల్లో రాశారు. తోలు ఊనేది, సున్నం కాల్చేది ఇట్లాంటివి. పొగ, నిప్పు, మురికినీళ్లు వచ్చే చోట్ల కూడా ఇదే పద్ధతి. మున్సిపాలిటీల్లో హోటలు పెట్టేవాళ్లు తీసుకునే లైసెన్సును ఇప్పటికీ పాతవాళ్లు "డి అండ్ ఓ లైసెన్సు" అంటారు. ఆ పేరు అప్పటిదే.

ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక 1964లో గ్రామ పంచాయతీల చట్టం, 1965లో మున్సిపాలిటీల చట్టం వచ్చినాయి. 1994లో పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. పేర్లు మారినా పద్ధతి అదే. లైసెన్సు ఇచ్చేది ఇంటి నంబరున్న అంగడికి. నాలుగు గోడలు ఉండాల, పన్ను రశీదు ఉండాల, ఓనరు ఒప్పుకోవాల. బండికి గోడలు యాడుంటాయి? అందుకే తోపుడు బండి చట్టానికి వ్యాపారంగా కనపడలేదు. దారికి అడ్డంగా, ఆక్రమణగా కనపడింది.

కానీ డబ్బు విషయంలో మాత్రం బండి బాగానే కనపడింది. సంతలో, బస్టాండు కాడ ఆశీలు వసూలు చేసే హక్కును ఏటా వేలం వేస్తారు. పాట పాడుకున్నవాళ్లు బండికి ఇంత, గంపకు ఇంత అని చీటీ చించి ఇస్తారు. మన సభ్యుల్లో కొందరి దగ్గర ఇట్లాంటి చీటీలు కట్టలు కట్టలు ఉన్నాయి. ఏళ్ల తరబడి డబ్బు కట్టినామనడానికి అవి సాక్ష్యం. కానీ చీటీ లైసెన్సు కాదు. ఆ పొద్దుకు కూర్చున్నందుకు రుసుమే గానీ, రేపు కూడా కూర్చోవచ్చు అనే మాట దాంట్లో లేదు.

రాత్రి సంగతి

రాత్రికి ఇంకో లెక్క ఉంది. అంగళ్లు ఎప్పుడు తెరవాల, ఎప్పుడు మూయాల అనేది దుకాణాలు, సంస్థల చట్టం కింద ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మన రాష్ట్రంలో ఆ చట్టం 1988ది. ఆడ పనివాళ్లతో రాత్రి 8.30 తర్వాత పని చేయించకూడదని అందులో రాశారు. ఈమధ్య దాన్ని సడలించారు. ఆడవాళ్లకు రక్షణ కోసమే ఆ మాట రాశారు, మంచిదే. కానీ అది జీతానికి పనిచేసే ఆడమనిషి గురించి. సొంత బండి మీద సొంత పొయ్యి వెలిగించుకునే ఆడమనిషి ఒకామె ఉంటుందని ఆ చట్టం రాసినవాళ్లు ఆలోచించలేదు. ఆమె పనిమనిషి కాదు, లైసెన్సున్న ఓనరూ కాదు. అందుకే రాత్రి పదింటికి ఎవరు గదమాయించినా బండి తోసుకుని ఇంటికి రావాల్సి వచ్చేది.

కోర్టు చెప్పిన మాట

మార్పు మొదట కోర్టుల నుంచి వచ్చింది. 1972లో ఇలా భట్ గారు అహ్మదాబాదులో సేవా సంఘం పెట్టినారు. అందులో మాణెక్ చౌక్‌లో కూరగాయలమ్మే ఆడవాళ్లు తమ జాగా కోసం సుప్రీంకోర్టు దాకా పోయినారు. 1985లో బొంబాయి ఓల్గా టెల్లిస్ కేసులో, బతుకుతెరువు కూడా బతికే హక్కులో భాగమే అని సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో ఢిల్లీ చిన్న వ్యాపారి సోదాన్ సింగ్ కేసులో ఇంకో అడుగు ముందుకేసింది. రోడ్డు పక్కన వ్యాపారం చేసుకోవడం కూడా రాజ్యాంగం 19వ అధికరణ ఇచ్చిన హక్కే అంది. అయితే ఫలానా జాగా నాకే శాశ్వతంగా కావాలంటే కుదరదు, నియమాలు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది అని కూడా చెప్పింది. ఈ రెండు మాటలూ కలిపి గుర్తు పెట్టుకోవాల.

2014 చట్టం

2014 మే 1 నుంచి వీధి వ్యాపారుల చట్టం అమల్లోకి వచ్చింది. ఇక్కడే పెద్ద తేడా. పాత లైసెన్సు గోడలకు ఇచ్చేది, ఈ కాగితం మనిషికి ఇస్తారు. సర్వే చేసి, అప్పటికే వ్యాపారం చేసుకునేవాళ్లకు గుర్తింపు పత్రం ఇవ్వాల. సర్వే ముగిసి పత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. ఆ తర్వాత ఖాళీ చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాల. ఊరి జనాభాలో 2.5 శాతం దాకా వ్యాపారులకు చోటు చూపించాల. అంటే 40,000 జనం ఉన్న ఊర్లో 1,000 మందికి.

మన ఆడవాళ్లకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. ఊరి వ్యాపార కమిటీలో 40 శాతం మంది వ్యాపారులే ఉండాల, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాల. మొగుడు చనిపోతే ఆయన పత్రం గడువు తీరేదాకా భార్య ఆ వ్యాపారం నడుపుకోవచ్చు. సరుకు పట్టుకుపోతే జాబితా రాసి ఇవ్వాల. చెడిపోయే సరుకు, అంటే మన పిండి, చట్నీలు, కూరగాయలు లాంటివి, అడిగిన రోజే తిరిగి ఇచ్చేయాల. ఒకే జాగాను వేళలు పంచుకుని వాడుకునే పద్ధతి కూడా ఉంది. పగలు పండ్లమ్మే చోట రాత్రి దోసెలు పోసుకోవచ్చు. అయితే మన వేళ అయిపోగానే సామాను మొత్తం తీసేయాల.

2024 జనవరి ఆఖర్లో హైదరాబాదులో కుమారి ఆంటీ బండి సంగతి అందరూ ఫోన్లలో చూసినారు. ట్రాఫిక్‌కు ఇబ్బందని పోలీసులు తీసేయమన్నారు. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి గారు కల్పించుకుని అక్కడే ఉండనివ్వమన్నారు. ఆమెకు మేలు జరిగింది, సంతోషం. కానీ ఊరూరా బండి పెట్టుకునే ఆడవాళ్ల కోసం ముఖ్యమంత్రి మాట్లాడలేరు కదా. చట్టం ఉన్నది పేరు తెలియని ఆడమనిషి కోసమే.

మన ఊరికి ఎందుకు అందలేదు

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ చట్టం వర్తించేది కార్పొరేషను, మున్సిపాలిటీ, నగర పంచాయతీలకే. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో అమ్ముకునే అక్కలకు ఇది వర్తిస్తుంది. మన నియోజకవర్గంలో బి.కొత్తకోట నగర పంచాయతీ అయింది కాబట్టి అక్కడా వర్తిస్తుంది. తంబళ్లపల్లె మాత్రం గ్రామ పంచాయతీ. ఒకే రోడ్డు మీద ఒకే బండి తోసుకుంటా పోతే, ఒక ఊర్లో హక్కు ఉన్నట్టు, పక్క ఊర్లో లేనట్టు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి రుణం కూడా పట్టణాల వ్యాపారులకే. అయితే పల్లె నుంచి పట్టణానికి పోయి అమ్ముకునేవాళ్లు సిఫారసు లేఖతో తీసుకోవచ్చు. ఇది మన సభ్యుల్లో చాలామందికి తెలియదు.

అట్లని పల్లెలో మనకు దారి లేదనుకోకూడదు. 1994 పంచాయతీరాజ్ చట్టం కింద సంతలు, వ్యాపారాల లైసెన్సులు, రుసుములు పంచాయతీ చేతిలోనే ఉన్నాయి. ఆ పంచాయతీల్లో సగం సీట్లు ఇప్పుడు ఆడవాళ్లవి. రాత్రి బండ్లకు ఒక జాగా, ఒక వేళ, ఒక వీధిదీపం, ఒక నీళ్ల కుళాయి చూపించండని గ్రామసభలో అడిగితే, తీర్మానం రాసే అధికారం వాళ్లకు ఉంది. ఆ తీర్మానం నకలు మన చేతిలో ఉంటే అది ఆశీలు చీటీ కంటే బలమైన కాగితం.

తిండి విషయానికి వేరే కాగితం ఉంది. 2006 ఆహార భద్రత చట్టం, 2011 నిబంధనల ప్రకారం చిన్న వ్యాపారం చేసేవాళ్లు రిజిస్ట్రేషను చేసుకుంటే చాలు. రుసుం ఏడాదికి 100 రూపాయలు. మన అక్కలు రోజూ పెట్టే ఖర్చులో అది గ్యాసు పొయ్యి మీద నాలుగు దోసెలంత. ఇది పల్లెకూ, పట్నానికీ ఒకటే.

అందుకని గ్రామ సంఘాల లీడర్లకు మా మనవి. వచ్చే మీటింగులో మూడు పనులు ఎజెండాలో పెట్టండి. సంఘంలో ఎవరెవరు రాత్రిపూట తిండి అమ్ముతున్నారో పేర్లు రాయండి. వాళ్లకు ఆహార రిజిస్ట్రేషను చేయించండి. పాత ఆశీలు చీటీలు పారేయకుండా ఒక కవరులో పెట్టించి, వాటితో కలిపి గ్రామసభకు అర్జీ పెట్టించండి. అర్జీ మీద ఒక్క పేరు ఉంటే పక్కన పడేస్తారు. సంఘం ముద్ర, పదిమంది సంతకాలు ఉంటే రిజిస్టరులో ఎక్కించి తీరాల.