వీధిబడిలో స్థాయిభేదం, న్యాయనిర్ణయం: 1823 నాటి బళ్ళారి నివేదిక

విద్యార్థి శక్తిని బట్టి బోధన సాగాలన్న ఆలోచన ఆధునిక బోధనాశాస్త్రంతోనే వచ్చిందని భావించడం పరిపాటి. వీధిబడుల చరిత్ర ఈ అభిప్రాయాన్ని సవరిస్తుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో పాఠశాలల వివరాలు కోరగా, బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఇందుకు ముఖ్యాధారం. 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రచురించినవాడు ఈయనే. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతమూ కలిసి ఉండేది. జిల్లాలోని 533 బడులలో 226 తెలుగు బడులు.

క్యాంప్‌బెల్ వర్ణన ప్రకారం బడి సాధారణంగా నాలుగు తరగతులుగా ఉండేది. పిల్లవాడు తన శక్తిని, ప్రగతిని బట్టి పై తరగతికి చేరేవాడు. వయసు ప్రస్తావన ఇక్కడ లేదు. కింది తరగతులను కొంతవరకు పెద్ద విద్యార్థులు చూసేవారు. పై తరగతులకు పంతులు స్వయంగా చెబుతూనే బడి అంతటి మీదా కన్ను వేసి ఉంచేవాడు. కొత్తగా చేరినవాడు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాడు. ఒకే కప్పు కింద ఇన్ని స్థాయిల బోధనను ఒక్క ఉపాధ్యాయుడు నడపడం సామాన్య విషయం కాదు. క్యాంప్‌బెల్ కూడా ఈ పద్ధతిని మెచ్చుకున్నాడు.

గౌరవాన్ని, దండనను పంచే తీరు మాత్రం వేరు. ఉదయం అందరికంటే ముందు వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండవవాడికి సున్న, మెప్పూ లేదు, నిందా లేదు. మూడవవాడికి ఒక దెబ్బ, నాలుగవవాడికి రెండు, ఆపై వచ్చిన వరుసలో ఒక్కొక్కటి ఎక్కువ. బోధనలో పాటించిన తారతమ్యం ఇక్కడ కనిపించదు. పేద కుటుంబాలకు పసిపిల్లల శ్రమ కూడా అవసరమయ్యేదని అదే నివేదిక చెబుతున్నది. ఇంటి పని ముగించుకొని వచ్చే పిల్లవాడికీ, నిద్ర లేచి నేరుగా వచ్చే పిల్లవాడికీ దెబ్బల లెక్క ఒక్కటే. ఇక 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మందే కనుక, ఈ వరుసలో చోటు దొరకనివారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నివేదికలో మరొక లోపం కూడా నమోదయింది. పిల్లలు వాడుకభాషకు దూరమైన పద్యగ్రంథాలను అర్థం తెలియకుండానే వల్లె వేసేవారు. కాబట్టి ‘ప్రగతి’ అన్న మాటను ధారణకు మించి సాగదీయడం సరికాదు.

ఇంగ్లండులో 1862 సవరణ నియమావళితో అమలైన ఫలితాలను బట్టి చెల్లింపు పద్ధతి తరువాత మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. తనిఖీ అధికారి నిర్ణీత ప్రమాణాలతో చదువు, రాత, లెక్కలలో పిల్లలను పరీక్షించేవాడు. ఉత్తీర్ణతను బట్టి గ్రాంటు వచ్చేది. అందరికీ ఒకే కొలత కనుక, వచ్చిన వరుసను బట్టి పడే దెబ్బలకంటే ఇది న్యాయంగానే తోస్తుంది. కానీ ఆ కొలత ఉపాధ్యాయుడి జీవనంతో ముడిపడింది. మందంగా నేర్చేవాడు ఆదాయానికి గండిగా మారాడు. అక్షరం ఎరుగని స్థితి నుంచి ఏడాదిలో గుణింతం దాకా వచ్చినా, ప్రమాణం అందుకోకపోతే ఆ శ్రమకు గ్రాంటు పట్టికలో గడి లేదు.