పత్తికొండ ప్రాంతం: పారిశుధ్యం, చేతుల శుభ్రత, బాలల ఆరోగ్యం

మలంలోని క్రిములు మనిషి నోటికి చేరకుండా ఆపే ఏర్పాట్లు, అలవాట్లు పారిశుధ్యంలో ప్రధాన భాగం. సురక్షితమైన నీరు, మరుగుదొడ్డి, సబ్బుతో చేతులు కడుక్కోవడం వీటిలో ముఖ్యమైనవి. పేద దేశాల్లో ఐదేళ్లలోపు పిల్లలను బలిగొనే ప్రధాన వ్యాధుల్లో నీళ్ల విరేచనాలు ఒకటి. కర్నూలు జిల్లాలోని మెట్ట ప్రాంతపు పట్టణం పత్తికొండకు ఈ వ్యాధుల చరిత్రలో చోటుంది.

చరిత్ర

బ్రిటిష్ పాలనలో ఈ ప్రాంతం భాగమైన దత్త మండలాల తొలి ప్రధాన కలెక్టరుగా పనిచేసి, తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని వైద్యుడు జాన్ స్నో లండన్‌లో నిరూపించినది ఆ తర్వాత, 1854లో. మన్రో స్మారకంగా ప్రభుత్వం పత్తికొండలో తోపు పెంచి, రాతి మెట్ల బావి కట్టించింది. మెట్లు దిగి నీళ్లు ముంచుకునే ఇలాంటి బావులే ఒకప్పుడు నారికురుపు (గినీ పురుగు జబ్బు) వ్యాప్తికి నెలవులు. పురుగు వేలాడే కాలు నీటిలో పెడితే దాని పిల్లలు నీళ్లలో కలిసి, ఆ నీళ్లు తాగినవారికి జబ్బు సోకేది. దిగుడుబావులను చేదబావులుగా మార్చడం, నీళ్లు వడగట్టుకోవడం, చేతిపంపులు రావడంతో ఆ జబ్బు అంతరించింది. దేశంలో చివరి కేసు 1996లో నమోదైంది.

వ్యాప్తి

మలంలోని క్రిములు నీరు, ఈగలు, మట్టి, చేతుల మీదుగా అన్నంలోకి చేరతాయి. పాకే వయసు బిడ్డ నేల తాకిన చేతినే నోట్లో పెట్టుకుంటుంది. పదేపదే విరేచనాలైతే తిన్నది ఒంటబట్టదు, బిడ్డ గిడసబారుతుంది. దొడ్డికి వెళ్లొచ్చాక, బిడ్డకు కడిగాక, వంటకూ అన్నం పెట్టడానికీ ముందు చేతులు కడుక్కోవాలి.

పరిశోధనలు

కరాచీ మురికివాడల్లో సబ్బులిచ్చి, వాడటం నేర్పిన ఇళ్లలో పిల్లల విరేచనాలు, న్యుమోనియా సుమారు సగానికి తగ్గాయని 2005లో తేలింది. ఒడిశాలోని 100 గ్రామాల్లో జరిగిన అధ్యయనంలో మరుగుదొడ్లు కట్టించినా విరేచనాలు తగ్గలేదు. చాలామంది వాటిని వాడకపోవడం ఒక కారణం. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేలలో జరిగిన అధ్యయనాల్లో ఇంటి స్థాయి శుభ్రత ఒక్కటే పిల్లల ఎత్తును పెంచలేకపోయింది. వీధి మొత్తం మారనిదే ఒక్క ఇల్లు క్రిములను ఆపలేదని దీన్నిబట్టి చాలామంది పరిశోధకులు భావిస్తున్నారు.

రాయలసీమ పరిస్థితి

పత్తికొండ ఉన్న రాయలసీమలో ఎండాకాలంలో బోర్లు ఎండి, నీళ్లు బిందెలతో మోసుకోవాల్సి వస్తే వంటకూ తాగడానికీ కూడా పొదుపు తప్పదు. చేతులకు చెంబుడు నీళ్లు కూడా లెక్కే. దొడ్డి వాడకానికీ నీరే కావాలి. అందుకే ఈ సీమలో ఇంటింటి కుళాయి కూడా బాలారోగ్య సాధనమే.

టీకా

2016లో పిల్లలకు విరేచనాలు కలిగించే రోటావైరస్ టీకాను సార్వత్రిక టీకా కార్యక్రమంలో ముందుగా చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకా ఒక్క వైరస్‌నే అడ్డుకుంటుంది. మిగతా క్రిములకు అడ్డు శుభ్రమైన నీరు, వాడుకలో ఉన్న దొడ్డి, సబ్బుతో కడిగిన చెయ్యి.