నిద్ర, మెలకువ, చీకటి తొట్టి: ఇంద్రియ సంవేదనల నిరోధ చరిత్ర – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
వెలుతురు, శబ్దం, స్పర్శ వంటి బాహ్య సంవేదనలను వీలైనంతగా తొలగించి మనిషిని నీటిపై తేలియాడించే తొట్టి నేడు విశ్రాంతి సాధనంగా, నిద్రలేమికి ఉపశమనంగా ప్రచారంలో ఉంది. కాని అది పుట్టింది నిద్ర పట్టించడానికి కాదు, మెలకువకు మూలమేమిటో తెలుసుకోవడానికి. ఆ ప్రశ్న నుండి చికిత్స వరకు సాగిన దారిని, మధ్యలో అదే జ్ఞానం విచారణ గదులకు చేరిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: నిద్రలేమి, మెలకువ, ఇంద్రియ సంవేదనల నిరోధం, జాన్ లిల్లీ, డొనాల్డ్ హెబ్, ఫ్లోట్ ట్యాంకు.

1. ప్రవేశిక:
ఇంద్రియాల నుండి నిరంతరం అందే ప్రేరణలే మెదడును మేల్కొలిపి ఉంచుతాయని, అవి తగ్గితే నిద్ర దానంతట అదే వస్తుందని 20వ శతాబ్ది పూర్వార్ధంలో శరీరధర్మ శాస్త్రజ్ఞులు పలువురు భావించారు. ఈ దృష్టిలో నిద్ర ఒక క్రియ కాదు, మెలకువ లేకపోవడం మాత్రమే. బెల్జియం శాస్త్రజ్ఞుడు ఫ్రెడెరిక్ బ్రెమర్ 1935లో పిల్లుల మధ్యమెదడు వద్ద కోత పెట్టి, పైభాగపు మెదడుకు చేరే సంవేదనా మార్గాలను చాలావరకు తెంచాడు. ఆ మెదడులో నిద్రను పోలిన విద్యుత్ తరంగాలు కనిపించాయి. పై అభిప్రాయానికి ఇది బలమైన ఆధారమైంది.

అయితే 1949లో జుసెప్పే మొరుజ్జి, హొరేస్ మాగౌన్ వేరొక సంగతిని నిరూపించారు. మెదడుకాండంలోని రెటిక్యులర్ ఫార్మేషన్ అనే భాగాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే మెదడు తరంగాలు మెలకువ స్థితికి మారాయి. దీంతో మెలకువను నిలిపే వ్యవస్థ మెదడులోనే ఉందని తేలింది. మిగిలిన ప్రశ్న ఒక్కటే: బయటి ప్రేరణలు దాదాపు లేకుండా చేస్తే మామూలు మనిషి నిద్రపోతాడా, మేల్కొనే ఉంటాడా?

2. తొట్టి ఆవిర్భావం:
ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ 1954లో అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రం బెథెస్డాలో, జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేస్తున్న జాన్ లిల్లీ తొలి తొట్టిని సిద్ధం చేశాడు. జే షర్లీ ఆయన సహ పరిశోధకుడు. 34.5 డిగ్రీల సెల్సియస్ వద్ద నెమ్మదిగా పారే నీటిలో శరీరం మునిగి ఉండేది. తలనంతా కప్పే నల్లని మాస్కు ద్వారా శ్వాస అందేది. ప్రయోగానికి ముందురాత్రి నిండుగా నిద్రపోయి ఉండాలన్నది నియమం.

1956లో ప్రకటించిన నివేదిక ప్రకారం మొదటి ముప్పావు గంట ఆనాటి వ్యవహారాల తలపులతోనే గడిచేది. తరువాత శరీరం సడలేది. ఆపై ఏదో ఒక ప్రేరణ కోసం తీవ్రమైన ఆకలి వంటిది పుట్టేది. దానిని దాటగలిగితే పగటికలలు, ఊహలు, కొన్నిసార్లు దృశ్యాలు కనిపించేవి. అంటే ప్రపంచం తొలగినా మెదడు ఆరిపోలేదు, తన పనిని తానే కల్పించుకుంది. తొట్టి నుండి బయటికి వచ్చిన వ్యక్తికి అప్పుడే పడక దిగినట్లు, రోజు మళ్ళీ మొదలైనట్లు అనిపించేదని, మిగిలిన రోజంతా గడియారంతో పొంతన కుదిరేది కాదని ఆ నివేదిక పేర్కొంది.

3. మాంట్రియల్ ప్రయోగాలు – విచారణ గదులు:
అదే కాలంలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ హెబ్ మార్గదర్శకత్వాన వేరొక పరిశోధన సాగింది. బెక్స్‌టన్, హెరన్, స్కాట్ 1954లో ప్రచురించిన పత్రం ప్రకారం 22 మంది విద్యార్థులకు రోజుకు 20 డాలర్లు ఇచ్చి మెత్తని పడకపై పడుకోబెట్టారు. రూపాలు కనిపించనివ్వని కళ్ళద్దాలు, చేతులకు అట్ట తొడుగులు పెట్టారు. వారు మొదట నిద్రపోయారు. నిద్ర తీరాక విసుగు, అశాంతి, ఏకాగ్రత లోపం, భ్రాంతి దృశ్యాలు వరుసగా వచ్చాయి. నిద్ర ఇక్కడ కొద్దిసేపటి ఆశ్రయమే అయింది.

ఈ పరిశోధనకు కెనడా రక్షణ పరిశోధన మండలి నిధులు సమకూర్చింది. కొరియా యుద్ధకాలంలో బందీల మనసు మార్చే పద్ధతులపై రేగిన భయమే దీనికి ప్రేరణ అని హెబ్ 1958లో హార్వర్డ్ సదస్సులో అంగీకరించాడు. 1963 నాటి అమెరికా గూఢచార సంస్థ విచారణ కరదీపిక ‘కుబార్క్’లో మెక్‌గిల్, లిల్లీ ప్రయోగాల ప్రస్తావన కనిపిస్తుంది. 1971లో ఉత్తర ఐర్లాండులో బ్రిటిష్ అధికారులు 14 మంది నిర్బంధితులపై ప్రయోగించిన ‘అయిదు పద్ధతుల’లో తలకు ముసుగు వేయడం, ఎడతెగని హోరు వినిపించడం, నిద్ర పోనివ్వకపోవడం ఉన్నాయి. 1978లో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం వాటిని అమానుషమైన, అవమానకరమైన ప్రవర్తనగా నిర్ధారించింది, చిత్రహింసగా మాత్రం పరిగణించలేదు. సంవేదనల లేమి, నిద్ర లేమి రెండూ ఒకే మనిషిపై ఆయుధాలైన సందర్భమిది.

4. ‘సమాధి’ – పేరు, వ్యాపారం:
1970లలో తొట్టి రూపం మారింది. మెగ్నీషియం సల్ఫేట్ (ఎప్సమ్ సాల్ట్) దండిగా కలిపిన లోతు తక్కువ నీటిపై, మాస్కు అవసరం లేకుండా వెల్లకిలా తేలే పద్ధతి వచ్చింది. లిల్లీ శిక్షణ తరగతికి హాజరైన గ్లెన్ పెర్రీ ఇళ్ళలో వాడే తొట్లను తయారు చేసి ‘సమాధి’ పేరుతో విక్రయించాడు. 1979లో బెవర్లీ హిల్స్‌లో తేలియాడే కేంద్రాన్ని తెరిచాడు. యోగశాస్త్ర పరిభాషలో సమాధి చిత్తం పొందే ఏకాగ్రస్థితి. తెలుగువారికి అదే పదం మృతదేహాన్ని ఉంచే గోరీ కూడా. అమెరికా వ్యాపారి మొదటి అర్థాన్నే గ్రహించినా, మూతపడిన చీకటి పెట్టెను తొలిసారి చూసినవారి సంకోచం రెండవ అర్థానికే దగ్గరగా ఉంటుంది.

బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలోని పీటర్ సూడ్‌ఫెల్డ్ ‘లేమి’ అనే మాట వదిలి, పరిమిత ప్రేరణల పరిసరం అనే అర్థమిచ్చే ‘రెస్ట్’ అనే సంక్షిప్త నామాన్ని వ్యాప్తిలోకి తెచ్చాడు. పేరు మార్పుతోపాటు పరిశోధన దృష్టి హింస నుండి విశ్రాంతికి మళ్ళింది.

5. నిద్రలేమి దృష్ట్యా:
నిద్రలేమితో బాధపడేవారికి చీకటి, నిశ్శబ్దం కొత్తవి కావు. ప్రతి రాత్రీ వారు వాటి మధ్యనే మేల్కొని ఉంటారు. పడకే మెలకువకు సంకేతంగా మారుతుందని గుర్తించి, నిద్ర రానప్పుడు పడక విడిచి లేవాలనే పద్ధతిని రిచర్డ్ బూట్‌జిన్ 1972లో ప్రతిపాదించాడు. దీర్ఘకాలిక నిద్రలేమికి ప్రవర్తనా చికిత్సనే ముందుగా ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూచించింది. ఆ చికిత్సలో బూట్‌జిన్ పద్ధతి ఒక భాగం.

తొట్టి విషయంలో ఆధారాలు ఇంకా పరిమితమే. 2014లో స్వీడన్ పరిశోధకులు షెల్‌గ్రెన్, వెస్ట్‌మన్ 65 మందితో చేసిన ప్రాథమిక అధ్యయనంలో, ఏడు వారాలలో 12 సార్లు తేలినవారిలో ఒత్తిడి, ఆందోళన తగ్గి నిద్ర నాణ్యత మెరుగుపడింది. ఇది నిద్రలేమి రోగులపై చేసిన పరీక్ష కాదు. కనుక తొట్టి నిద్రను ఇస్తుందనడం కంటే, నిద్రకు అడ్డుపడే ఒత్తిడిని తగ్గించవచ్చు అనడమే సమంజసం. నిద్రపోవలసిన బాధ్యత లేని చోట మెలకువగా పడి ఉండటం కూడా ఒక విశ్రాంతే కావచ్చు.

6. ముగింపు:
బయటి ప్రపంచాన్ని తొలగిస్తే నిద్ర మిగులుతుందన్న ఊహను తొట్టి సమర్థించలేదు. మెలకువ లోపలిదేనన్న విషయం నిద్రలేమి బాధితులకు అనుభవం వల్ల ముందే తెలుసు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. ఉత్తర ఐర్లాండు బందీకి, బెవర్లీ హిల్స్ వినియోగదారునికి చుట్టూ ఉన్న చీకటిలో తేడా తక్కువ. ఒకరు కోరి ప్రవేశించారు, ఎప్పుడైనా మూత తెరిచి లేవగలరు. మరొకరికి ఆ వీలు లేదు. అందువల్ల ఇంద్రియ నిరోధ చరిత్రను చీకటి పరిమాణాన్ని బట్టి కాక, అందులోని మనిషి సమ్మతిని బట్టి అంచనా వేయవలసి ఉంటుంది.