పుష్యమాసంలో కట్టెల మోపు

మా జమ్మలమడుగు చుట్టూ ఉన్న నల్లరేగడి చేలల్లో నిలబడి చూస్తే చూపు ఆనినంత మేరా చెట్టు కనపడదు. పత్తి, జొన్న, శనగ పండే నేల ఇది. ఎండలకు నోరు తెరిస్తే గొడ్డు కాలు దిగేంత నెర్రెలు. ప్రొద్దుటూరు బంగారం గురించీ, గండికోట గురించీ, పులివెందుల చీనీ తోటల గురించీ రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. చెట్టు లేని ఈ సీమలో ఇన్నేండ్లూ పొయ్యి ఎట్లా మండిందో ఎవరూ రాయలేదని నాకు బాధ. మాకు పూటపూటా సంగటి ఉడికిందంటే ఎవరో ఒకరు ముళ్లు తొక్కినట్టే.

1970ల్లో నేను బడికి పోయేవాణ్ణి. పుష్యమాసం వస్తే పెన్న మీద నుంచి మంచు లేచి వీధులను కమ్మేది. మంచు అంటే మాకు పొగలా పట్టేదే, ఆకుమీద బొట్లుగా నిలిచేదే. కురిసి గడ్డకట్టే మంచు మా తాతలు కూడా చూడలేదు. అయినా ఒంటిపొర కోకతో, ఒట్టి భుజాలతో కోడికూతకే బయల్దేరినవాళ్లకు మా చలి తక్కువదేం కాదు. కట్టెలమ్మే ఆడవాళ్లు ముందురోజే కొట్టి, కట్టి పెట్టుకున్న మోపులు నెత్తికెత్తుకుని, చీకటిలోనే ఊళ్లోకి వచ్చేవాళ్లు. కాళ్లకు లారీ టైరు కోసి కుట్టిన చెప్పులు. మెడ నిటారుగా ఉంటుంది గనుక తల తిప్పి మాట్లాడరు, మనిషి మొత్తం తిరగాల్సిందే.

మా అవ్వ గడప దగ్గర కూర్చుని బేరం చేసేది.

“ఏంమే, కట్టె పచ్చిగా ఉండాదే?”

“పచ్చిది కాదులేవ్వా, మంచు పట్టింది. ఇంద, ఇను.”

ఆమె మోపులోంచి ఒక పుల్ల లాగి విరిచేది. ఎండిన కట్టె టప్పుమంటుంది. పచ్చిది నారలు సాగి వంగుతుంది. ఆ చప్పుడు వినేదాకా అవ్వ డబ్బులు తీసేది కాదు. మంచుకు తడిసిన మోపు మోసేవాళ్లకు బరువు, కొనేవాళ్లకు అనుమానం. ఇద్దరి బాధా న్యాయమైనదే. బేరం తెగాక మాత్రం అవ్వ ఆమెను నీళ్ల పొయ్యి దగ్గర కాసేపు కూర్చోబెట్టి చలి కాగనిచ్చేది. తను అమ్మిన కట్టెతోనే ఆమె చేతులు వెచ్చబెట్టుకునేది.

ఆ కట్టె ఎక్కువభాగం కంపచెట్టుదే. సర్కారు తుమ్మ అని కూడా అంటారు. దాన్ని ఎప్పుడూ ఉన్న చెట్టే అనుకునేవాణ్ణి. దాని పుట్టుక తెలిసినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. అది అమెరికా ఖండపు ఎండు నేలల చెట్టు. 1876లో మద్రాసు అటవీ అధికారి బెడ్డోమ్ దాని విత్తనాలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. జమైకా నుంచి వచ్చిన విత్తనాలను 1877లో నాటింది ఎక్కడో కాదు, ఎర్రగుంట్ల దాటితే వచ్చే మన కమలాపురంలో. ఈ దేశంలో ఆ చెట్టు మొదట వేరు పట్టిన చోటుగా కమలాపురం పేరే చెబుతారు.

ఆ ఏడు మామూలు ఏడు కాదు. అది ధాత కరువు కాలం. సీమలో మనుషులు దారుల వెంట రాలిపోయారు. దానికి కొన్నేండ్ల ముందే మద్రాసు నుంచి వచ్చిన రైలుపట్టాలు కడప, కమలాపురం, ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా సాగి, 1871లో రాయచూరు దగ్గర బొంబాయి పట్టాలతో కలిశాయి. తొలినాళ్లలో మద్రాసు రైలింజన్లు ఎక్కువగా కట్టె తిని నడిచేవే. అటు ఇంజను, ఇటు ఊళ్ల పొయ్యిలు, అన్నిటికీ కొండల మీది బక్కచిక్కిన అడవులే దిక్కు.

తర్వాత 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. కొండలు రిజర్వు అయ్యాయి. తాత కొట్టుకొచ్చిన చోటనే మనవడు కొడితే నేరం. పల్నాడులోనూ, అప్పట్లో మన జిల్లాలో ఉన్న రాయచోటి వైపూ 1921–22లో జనం అడవి చట్టాల మీద తిరగబడ్డారంటే దాని వెనక పశువుల మేతా, పొయ్యిలోకి కట్టే ఉన్నాయి. రేగడి ఊళ్లవాళ్లకు మిగిలింది పత్తికట్టె, కందికట్టె, పిడకలు. పత్తికట్టె గుప్పున మండి గుప్పున ఆరుతుంది. దానితో సంగటి కెలకాలంటే పొయ్యి ముందు ఇంకో మనిషి కూర్చుని ఎగదోస్తూ ఉండాల్సిందే.

అందుకే కంపచెట్టును ఎవరెంత తిట్టినా నేను తిట్టలేను. బీళ్లు, వంకలు, చెరువుకట్టలు అది ఆక్రమించిన మాట నిజం. మేకలు కాయలు తిని పోయినచోటల్లా అది మొలుస్తుంది. నరికితే మొదలు నుంచి పది కొమ్మలేస్తుంది. కానీ ఆ పది కొమ్మలే లేనివాళ్ల ఆస్తి. అనుమతి అడగక్కర్లేని, ఎవరూ నీళ్లు పొయ్యక్కర్లేని అడవి అది. కట్టె గట్టిది, నిలకడగా మండుతుంది, నిప్పు చాలాసేపు నిలుస్తుంది. దాన్నే నిలువుగా పేర్చి, ఆకూ అలమూ కప్పి, మట్టి మెత్తి, గాలి అందీ అందకుండా రోజుల తరబడి కాల్చి బొగ్గు చేస్తారు. ఒకప్పుడు ప్రొద్దుటూరు ఆచారుల కుంపట్లలో బంగారం కరగడానికి బొగ్గే కావాల్సొచ్చేది. ఆ ఊరి నగల మెరుపులో మా వంకల కంప కూడా ఉందని నా నమ్మకం.

ముల్లు మాత్రం చెడ్డది. మడమలో విరిగితే జిల్లేడుపాలు పోసి రెండు రోజులు ఆగి పిన్నీసుతో తీసేవాళ్లు. చలికి పగిలిన కాళ్లలో అది ఇంకా లోతుకు పోతుంది.

చీనీ తోటల పులివెందులలో కట్టె కథ వేరు. అక్కడ మా మామకు చీనీ తోట ఉండేది. వరసగా కరువులొచ్చి బోర్లు ఎండాక, పిల్లల్లా పెంచుకున్న చెట్లను కొట్టించాడు. ట్రాక్టరులో చీనీ మొద్దులు ఇటుక బట్టీకి పోతుంటే ఆయన ఇంట్లోంచి బయటికి రాలేదు. అంతకంటే బాధపెట్టిన కట్టెను నేను చూడలేదు.

పేదిండ్లకు వంటగ్యాసు ఇచ్చే దీపం పథకం 1999లో, ఉజ్వల 2016లో వచ్చాయి. గ్యాసు వచ్చినందుకు నాకు సంతోషమే. పొగకు మా అవ్వ కళ్లు ఎట్లా నీరుకారేవో చూసినవాణ్ణి. కానీ చలికాలంలో నీళ్లు కాంచేదానికి పెరట్లో ఇంకా కంపే మండుతోంది. గ్యాసు మీద అంతమందికి నీళ్లు కాంచే స్తోమత ఎందరికుంది?

మొన్న పుష్యంలో పెన్న ఒడ్డున, మంచు ఇంకా విడవకముందే, ఒకాయన మోపెడ్ మీద రెండు మోపులు కట్టుకుని ఎదురొచ్చాడు. తలకు కోతిటోపీ, చేతులకు పాత సాక్సులు. “ఎండిందేనా అబ్బీ?” అన్నా. బండి ఆపి, ఒక పుల్ల లాగి విరిచాడు. టప్పుమంది. రెండూ మా ఇంటికాడ దించమన్నా.